గుడ్డికొంగ అంచు

ఈశ్వరప్ప రోకలి ఎత్తినప్పుడు కూడా తిప్పన్న నవ్వుతూనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచి ఒకే వీధిలో పెరిగినవాళ్ళు కదా, ఉత్తుత్తికే బెదిరిస్తున్నాడనుకున్నాడు పాపం.

"ఒరే ఈశ్వరా, ఆగరా, సావుకారు..." అని ఏదో చెప్పబోయాడు కూడా. చెప్పనిస్తేగా! మగ్గం గుంత గట్టు మీద ఆనించుకున్న తిప్పన్న కుడిచేతి మీద రోకలి పడింది. ఒక్క దెబ్బతో ఆగాడా? ఆగితే అతను ఈశ్వరప్ప ఎందుకవుతాడు! రెండో దెబ్బకు వేళ్ళ ఎముకలు నుగ్గయ్యాయి. తిప్పన్న వేసిన కేక నేతవీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా వినబడింది. అంతవరకు టకటకలాడుతున్న మగ్గాలన్నీ ఆగిపోయాయి.

"మా నాయన అంచురా అది! దొంగ నా కొడకా, మా నాయన కొంగల్ని నేస్తావా నువ్వు?" ఈశ్వరప్ప మూడోసారి ఎత్తాడు. ఈసారి రోకలి తిప్పన్న మీద పడలేదు, పక్కనున్న నీళ్ళకుండ మీద పడింది. ఆ కరువులో రెండు మైళ్ళు నడిచి తెచ్చుకున్న నీళ్ళు గుంతలోకి కారిపోయాయి. ఆ నీళ్ళలో రక్తం కలిసింది.

అది యాభై ఎనిమిదో సంవత్సరం. వరుసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. ధర్మవరం చుట్టూ చెరువులు పగిలి నెర్రెలిచ్చాయి. చేను ఉన్నవాడికి పంట లేదు, గొడ్డు ఉన్నవాడికి గడ్డి లేదు. నేతగాడికి మాత్రం తన అంచు ఉంది. ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. ఒక ఇంట్లో పుట్టిన అంచును ఇంకో ఇంట్లో నేయకూడదు. నేయాలనుకుంటే తాంబూలం పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి అడగాలి, వాళ్ళు ఊ అనాలి. అడక్కుండా నేసినవాడికి పడుగు పోగులు పరిచేవాడు రాడు, పట్టుకు రంగు వేసేవాడు రాడు, పెళ్ళికి పిలిచేవాడు ఉండడు.

ఈశ్వరప్ప ఇంటి అంచు కొంగల అంచు. వాళ్ళ నాయన హనుమంతప్ప నలభై ఎనిమిదిలో మొదటిసారి నేశాడు. మడకశిర దిక్కున ఏదో ఊరి చెరువు దగ్గర చింతచెట్ల మీద వాలే ఎర్రకాళ్ళ కొంగలను చూసి వచ్చి, పదిరోజులు తిండి సరిగ్గా తినకుండా అంచు కట్టాడట. వరుసగా కొంగలు నీళ్ళలో నిలబడి ఉంటాయి. అన్నింటికీ కన్ను ఉంటుంది. ఒక్కదానికి ఉండదు. ఆ అంచు ఎంత పొడుగు నేసినా, వరుస తిరిగి మొదలయ్యే చోట ఆ గుడ్డికొంగ వస్తుంది.

"ఏం నాయనా, దీనికి కన్ను మర్చిపోయినావా?" అని అప్పటికి మీసమైనా రాని ఈశ్వరప్ప అడిగాడు.

"మర్చిపోలేదు రా. ఆ చెరువులో నిజంగా ఒక కన్ను గుడ్డిది ఉండాది, ఆ పక్కనుంచే నేసినా. ఒంటికన్నుతోనే చేపలు పట్టి పిల్లలకు పెడతాంది. దాన్ని చూసినాక నాకు బతుకంటే భయం పోయింది. మన అంచుకు దిష్టి తగలకుండా అదే కాపాడుతాది" అన్నాడు హనుమంతప్ప. ఆ కథ వింటూ ఈశ్వరప్ప మగ్గం నేర్చుకున్నాడు. యాభై నాలుగులో తండ్రి పోయాక, తండ్రి ఇంకా ఉన్నాడంటే ఆ గుడ్డికొంగలోనే ఉన్నాడు. అందుకే తిప్పన్న మగ్గం మీద సగం నేసిన చీరలో అదే కొంగను, అదే లేని కన్నును చూసేసరికి అతని కళ్ళకు ఇంకేమీ కనబడలేదు.

సరే, కోపం ముక్కు మీద ఉండేవాడికి ఆ పూట జరగాల్సింది జరిగింది. తిప్పన్న తమ్ముళ్ళిద్దరు పరుగున వచ్చి ఈశ్వరప్పను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు. కడుపులో తన్నారు, మొహం మీద తన్నారు. చెప్పులు లేని కాళ్ళతో తన్నినా రెండు పళ్ళు రాలాయి. ఈశ్వరప్ప భార్య నాగలక్ష్మమ్మ కొడవలి పట్టుకుని అడ్డం దూకకపోయి ఉంటే ఆ రోజే అతని కథ ముగిసేది.

"ముందు నన్ను నరకండి రా! తర్వాత వాన్ని నరుకుదురు గానీ!" అని ఆమె అరిచింది. ఆ అరుపుకే వీధి పెద్ద లింగన్న వచ్చి వాళ్ళను విడదీశాడు.

మర్నాడు పొద్దున చౌడమ్మ గుడి అరుగు మీద పంచాయతీ. ఈశ్వరప్ప ఒక కన్ను వాచిపోయి మూసుకుపోయింది. తిప్పన్న చేతికి వెదురుబద్దలు పెట్టి కట్టుకట్టారు, ఆ కట్టు లోంచి నెత్తురు ఊరుతూనే ఉంది.

లింగన్న అడిగాడు. "చెప్పు తిప్పన్నా. వాళ్ళ అంచు అడక్కుండా ఎట్ల నేసినావు?"

"వాళ్ళ అంచు మాదిరే ఉందే అని నేనూ అంటి మామా. సావుకారే అది జపాను అంచు, ఎవరిదీ కాదన్యాడు. పుస్తకం ఇచ్చినాడు, చూసి నేయమన్యాడు, నేసినా."

సావుకారు అంటే గంగాధరప్ప. పట్టు అమ్మేవాడు, చీరలు కొనేవాడు, వీధిలో సగం మగ్గాలకు ఆయనే దిక్కు. ఈశ్వరప్ప మగ్గానికి మాత్రం కాదు. కొంగల అంచు తనకే నేయమని ఎన్నిసార్లు అడిగినా ఈశ్వరప్ప ఒప్పుకోలేదు. ఆ గంగాధరప్ప ఇప్పుడు తెల్లటి పంచె సర్దుకుని, ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం తీసి అరుగు మీద పెట్టాడు.

"జపానుది. మా నాయన కాలంలో జపాను పట్టు మూటల్లో వచ్చింది. చీరల బొమ్మలు, అంచుల బొమ్మలు అన్నీ ఉండాయి దీంట్లో. చూడండి" అని మధ్యలో ఒక పేజీ విప్పాడు.

జనం పుస్తకం మీదికి వంగారు.  అదే కొంగల వరుస. అవే ఎర్రటి కాళ్ళు. అదే చోట, కన్ను లేని కొంగ.

"ఇదేందప్పా!" అన్నాడు ఎవరో. "గుడ్డిదాన్ని గూడా వదల్లేదు హనుమంతప్ప. ఉన్నది ఉన్నట్టు ఎత్తుకొన్యాడే!"

"నోరు ముయ్యి!" ఈశ్వరప్ప లేచాడు. నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు. "మా నాయన చెరువు కాడ చూసి కట్టిన అంచు అది! ఆ పుస్తకమే నిన్నా మొన్నా అచ్చేసిందేమో!"

లింగన్న మంచివాడు, తొందరపాటు మనిషి కాదు. ఆ మాటలో న్యాయం ఉందనిపించింది ఆయనకు. పుస్తకం ఎప్పటిదో తేలితే దొంగ ఎవరో తేలుతుంది. హనుమంతప్ప నలభై ఎనిమిదిలో నేశాడు. పుస్తకం అంతకుముందుదైతే హనుమంతప్ప దొంగ. తర్వాతదైతే కాదు. ఇంతకన్నా చిక్కు లేదు. కానీ జపాను రాత చదివేదెవరు? బడిపంతులు వచ్చి మొదటి అట్ట తిప్పాడు, రెండో పేజీ చూశాడు, మూడో పేజీ చూశాడు. మన పుస్తకాల్లోలాగా ముందు పేజీల్లో సంవత్సరం కోసం వెతికాడు. మనకు తెలిసిన అంకె ఒక్కటీ కనబడలేదు.

"పంతులు సారూ, అది ఎనకటి నుంచి చూడల్ల. వాళ్ళ పుస్తకం మనకు తిరగేసినట్టు ఉంటాది. మీరు పట్టుకొన్యది ఆఖరు" అన్నాడు వెనక నుంచి యేసన్న.

యేసన్న పట్టుకు రంగులు అద్దేవాడు. చేతులు మోచేతి దాకా ఎప్పుడూ నీలంగా, ఎర్రగా ఉంటాయి. యుద్ధంలో సిపాయిగా పోయి, సింగపూరులో జపానువాళ్ళకు చిక్కి, మూడున్నరేళ్ళు వాళ్ళ క్యాంపులో పడి ఉండి, ఎముకల గూడై తిరిగి వచ్చాడు. అక్కడి నుంచి తెచ్చుకున్నది ఒక్క అల్యూమినియం గిన్నె. మూత ఉన్న సిపాయి గిన్నె అది, అడుగంతా మసి. రోజూ అందులోనే గంజి తెచ్చుకుంటాడు. ఆ రోజూ అది అతని చంకలోనే ఉంది.

"నీకు వాళ్ళ రాత వస్తాదా?" అన్నాడు లింగన్న.

"రాదు పెద్దాయనా. అంకెలు మాత్రం తెలుసు. పొద్దున్నే నిలబెట్టి లెక్కపెట్టేటోళ్ళు. తప్పు పలికినోన్ని తుపాకి మడమతో పొడిచేటోళ్ళు. అట్ల వచ్చింది ఆ చదువు."

యేసన్న పుస్తకాన్ని తిప్పి ఆకులన్నీ చూసుకుంటూ పోయి, పంతులు మొదటిదనుకున్న ఆ చివరి ఆకు పట్టుకున్నాడు. వేలిని పైనుంచి కిందకు జరిపాడు. ఒక మూల గీత గీసి పెట్టెలాగా కట్టిన చోట చిన్న చిన్న రాతలు ఉన్నాయి. అక్కడ వేలు ఆగింది.

"బొమ్మల్లేని చోట, ఇట్ల పెట్టెలో మూసిపెట్టినారంటే అచ్చేసిన సంగతే ఉంటాది. ఇదో, రెండు వరసలు పక్కపక్కన. ఒక్కో దాంట్లో మూడు అంకెలు. మొదటి రెండూ రెండు వరసల్లోనూ ఒకటే, మూడోది మాత్రం వేరే. క్యాంపులో పలక మీద నెల, తేదీ ఇట్లనే రాసేటోళ్ళు, అంకె కింద ఈ గుర్తు నెలకు, ఈ గుర్తు తేదీకి. అంటే నెలకు పైన ఉండేది సంవత్సరం."

"ఎంత?"

"మూడు గీతలు. దాని కింద కూడిక గుర్తు, అది పది. దాని కింద ఒక గీత. ముప్పై ఒకటి."

అరుగంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ ఊళ్ళో ఏ సంవత్సరాన్నీ పూర్తిగా ఎవరూ అనరు. నలభై రెండు కరువు, ముప్పై తొమ్మిది కలరా, అంతే. ముప్పై ఒకటి అంటే ఇంకెవరికి అనుమానం వస్తుంది? యేసన్నకే రాలేదు. హనుమంతప్ప మగ్గం మీద కొంగ వాలకముందు పదిహేడేళ్ళ కిందటి పుస్తకం అది. గంగాధరప్ప మెల్లగా ఎర్రగుడ్డ మడతపెట్టుకున్నాడు.

ఈశ్వరప్పకు తల కొట్టేసినట్టయింది. తన్నులు తిన్నప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. కొంగలు పోతే పోయాయి. ఆ ఒంటికన్ను కొంగ కథ? చెరువు గట్టున కూర్చుని చూశానని చెప్పిన మాట? కన్నకొడుకుకు చెప్పిన మాట కూడా అబద్ధమేనా?

"ఈశ్వరప్పా, తిప్పన్న కాళ్ళు పట్టుకో. ఇంక కొంగల అంచు ముట్టొద్దు" అన్నాడు లింగన్న.

అతను కాళ్ళు పట్టుకోలేదు. ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి నడిచాడు. నాగలక్ష్మమ్మ వెనకనే పరిగెత్తింది. ఆమె గడప దాటేసరికి అతను తండ్రి మగ్గం మీద పరిచిన పడుగును కత్తితో అడ్డంగా కోసేశాడు. పట్టుపోగులు చిటచిట తెగి గుంతలోకి జారాయి.

"ఏమయ్యో! ఏం చేస్తాండావు?"

"ఇది దొంగ నేర్పిన చెయ్యి" అన్నాడు. "తిప్పన్న చెయ్యి పోయింది గదా. ఇదీ పోనీ."

కుడిచేతి బొటనవేలు మగ్గం కొయ్య మీద పెట్టి ఎడమచేత్తో కత్తి దించాడు. మొదటి కోతకు తెగలేదు. పళ్ళు బిగించి రెండోసారి దించాడు. వేలు గుంతలో పడింది. నాగలక్ష్మమ్మ కొంగు చింపి, పసుపూ బూడిదా అద్ది, ఆ చేతిని తన రొమ్ముకు అదుముకుని కూర్చుంది. ఆమె కేకలకు వీధి వీధంతా వచ్చింది గానీ లోపలికి ఎవరూ రాలేదు.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయంటే, ఏం చెప్పేది! గాయం చీము పట్టింది, జ్వరం కాసింది. ఈశ్వరప్ప గోడకు మొహం పెట్టి పడుకున్నాడు. నాగలక్ష్మమ్మ పొరుగిళ్ళకు పోయి పట్టు కండెలు చుట్టి, దొరికిన సంకటి ముద్ద తెచ్చి అతని నోట్లో పెట్టేది. తండ్రి పేరు ఎత్తితే ముద్ద ఉమ్మేసేవాడు.

ఒక మధ్యాహ్నం యేసన్న గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఆ సిపాయి గిన్నె. బోర్లా పట్టుకున్నాడు.

"లే అన్నా. నేను సదివింది తప్పు."

 నాగలక్ష్మమ్మ చేటతో కొట్టబోయింది. "నీ సదువు పాడుగాను! ఒక వేలు తిన్యావు. ఇంకేమి మిగిలింది తినేకి?"

"కొట్టమ్మా, కొట్టు. ముందు ఇది చూడు" అని యేసన్న గిన్నె ఆమె మొహం ముందు పెట్టాడు. "ఆ పుస్తకం చూసినప్పటి నుంచి క్యాంపు కలలోకి వస్తాంది. ఈ గిన్నె ఇంట్లో ఉండొద్దని పాత సామాన్లు కొనేటోనికి అమ్మబోతి. లోహం ఏందో చూసేకి వాడు అడుగున మసి గీకినాడు. గీకితే రాత బయటపడింది. ఈ రెండు అచ్చరాలు చూడు. పుస్తకంలో ముప్పై ఒకటికి పైన ఉండేవి ఇవే. ఈ వేలితోనే తడిమినా, నాకు బాగా గురుతు. వీటి కింద ఏముండాది? కూడిక గుర్తు, దాని కింద అటొకటి ఇటొకటి వంగిన గీతలు. పద్దెనిమిది."

"అయితే?"

"ఈ గిన్నె నా చేతికి ఇచ్చింది నలభై మూడులో అమ్మా! పెట్టె పగలగొట్టి, గడ్డి తీసి, కొత్తది ఇచ్చినారు. మరుసటేడు వచ్చిన గిన్నెల మీద పంతొమ్మిది ఉన్నింది. అది పటాలం నంబరు అనుకొంటి నేను, ఇన్నేండ్లూ అట్లే అనుకొంటి. కాదు. వాళ్ళ సంవత్సరాల లెక్కే వేరే. నలభై మూడు వాళ్ళకు పద్దెనిమిది. ఇంక ముప్పై ఒకటి అంటే?"

నాగలక్ష్మమ్మ వేళ్ళు మడిచింది. ఒకసారి మడిచి, నమ్మకం చాలక మళ్ళీ మడిచింది. "యాభై ఆరు" అంది.  "మామ యాభై నాలుగులోనే పోయె గదా! సచ్చినాక వచ్చిన పుస్తకంలోంచి ఎట్ల దొంగతనం చేస్తాడు?"

ఈశ్వరప్ప లేచి కూర్చున్నాడు.

"అయ్యో, నా మతి మండ!" నాగలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. "మామ పోయే ముందటేడు సావుకారు ఇంటికి ఒక జపాను ఆయప్ప రాలేదా, పట్టు చూసేకని? అప్పుడే గదా సావుకారు బెంగళూరు పెండ్లికని మన కొంగల చీర ఎత్తుకొనిపోయె! ఆ చీర తిరిగి రాలేదు. అడిగితే పెండ్లిలో పోయిందన్యాడు."

 పడుగు కోసిన కత్తి గోడ సందులో ఉంది. ఈశ్వరప్ప దాన్ని ఎడమచేత్తో తీసుకుని బయటికి నడిచాడు.

గంగాధరప్ప అంగట్లో మెత్త మీద కూర్చుని ఉన్నాడు. ఈశ్వరప్ప గుమస్తాను కాలితో తన్ని, సావుకారు గొంతు మీద మోకాలు పెట్టాడు. కట్టు కట్టిన కుడిచెయ్యి ఆ మొహం మీద పడేసరికి పుండు పగిలి తెల్లపంచె అంతా నెత్తురైంది. జుట్టు పట్టి, మెట్ల మీద తల తగిలేలా ఈడ్చుకుంటూ చౌడమ్మ గుడి అరుగు దాకా తీసుకుపోయాడు. అడ్డం వచ్చినవాళ్ళ మీదికి నాగలక్ష్మమ్మ కొడవలి ఝళిపించింది. వెనక యేసన్న అంగట్లో దొరికిన ఎర్రగుడ్డ పుస్తకం, తన గిన్నె, రెండూ నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు.

అరుగు మీద యేసన్న పుస్తకం చివరి ఆకు విప్పి, పక్కన గిన్నె బోర్లించాడు. లింగన్న వంగి చూశాడు. రెండుచోట్లా అవే రెండు అక్షరాలు. యేసన్న చెప్పింది విని ఆయన మొహం నల్లబడింది.

"చెప్పు సావుకారూ. మీ నాయన కాలం నాటిదంటివే?"

గంగాధరప్ప చేతిని ఈశ్వరప్ప మోకాలితో అరుగురాయికి అదిమి పట్టాడు. కత్తి బొటనవేలి మొదట ఆనించాడు. చర్మం తెగింది. గంగాధరప్ప గావుకేక పెట్టాడు.

"చెప్తా, చెప్తా! ఆ చీర జపాను ఆయప్పకే ఇస్తి! పోయినేడు ఈ పుస్తకం టపాలో పంపినాడు. హనుమంతప్పను చూసే అచ్చేసినారు! ముప్పై ఒకటి అని వీళ్ళే అనుకొన్యారు, నేను ఊరికే ఉంటి!"

"ఊరికే ఉన్నింది నా వేలు పోయేదాకా!" ఈశ్వరప్ప అరిచాడు.

"కొయ్యప్పా! కొయ్యి!" జనం గోల పెట్టారు. తిప్పన్న తమ్ముళ్ళే అందరికన్నా గట్టిగా అరిచారు.

కత్తి ఇంకొంచెం దిగింది. నెత్తురు రాయి మీదుగా కారింది. ఈశ్వరప్ప ఆ మెత్తటి బొటనవేలిని కాసేపు చూశాడు. ఎక్కడా కాయ కట్టలేదు, పోగు కోసిన గీత లేదు.

"థూ! ఇది నేసే చెయ్యి కాదు. దీన్ని కోస్తే నా వేలికి సాటి రాదు" అని సావుకారును కాలితో తన్ని అరుగు కిందికి దొర్లించాడు. తర్వాత లింగన్న వైపు తిరిగాడు. "నా వేలు నేనే కోసుకొన్యా. దాన్ని ఎవర్నీ అడగను. మా నాయన పేరు మాత్రం ఈ అరుగు మీదనే తీసుకొన్యారు. ఈడనే తిరిగి ఇయ్యండి."

లింగన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "కొంగల అంచు హనుమంతప్పది. ఆయన దొంగ కాదు. మేమే తప్పు చేసినాం" అని అందరికీ వినబడేలా చెప్పాడు. నాగలక్ష్మమ్మ నేల మీద కూలబడి బావురుమంది.

ఈశ్వరప్పకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గుడ్డికొంగ నిజం! చెరువూ నిజం! జనంలో తిప్పన్న కనబడ్డాడు. కట్టు విప్పేసిన కుడిచెయ్యి వంకర తిరిగిపోయి, వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంది. ఈశ్వరప్ప చిన్నపిల్లాడిలా అతని దగ్గరికి పరిగెత్తాడు.

"తిప్పన్నా, ఇన్యావా? మా నాయన దొంగ కాదురా!"

"ఇన్యా" అన్నాడు తిప్పన్న. "నేను దొంగనా?"

"నువ్వెందుకురా! సావుకారు ఇచ్చింది చూసి నేస్తివి."

"ఆ మాటే ఆ పొద్దు చెప్పబోతి. నువ్వు రోకలి ఎత్తితివి." తిప్పన్న గొంతు పెంచలేదు. "పుస్తకం యానాటిదో తెలుసుకొనేకి పంతులును అడిగితిరి, యేసన్నను అడిగితిరి, ఆఖరికి గంజి గిన్నెను గూడా అడిగితిరి. నన్ను ఒక్క మాట అడిగింటే సరిపోతాండె గదరా ఈశ్వరా."

ఆ మాట అని తిప్పన్న ఇంటివైపు తిరిగాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఈశ్వరప్ప చేతిలో కత్తి ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.